బీరువా వెనక రేకు

వంటింట్లోంచి ఒక స్టీలు గరిటె తెచ్చుకోండి. రెండు మూరల దారం తీసుకొని నడిమధ్యన గరిటె కాడకు ముడి వేయండి. దారం కొసలు రెండూ చూపుడువేళ్ళకు చుట్టుకొని, ఆ వేళ్ళు చెవుల్లో పెట్టుకొని, కాస్త వంగి గరిటెను బల్ల అంచుకు తగలనివ్వండి. పక్కన కూర్చున్నవాళ్ళకు టింగుమని చిన్న చప్పుడు వినపడుతుంది. మీకు గుళ్ళో గంట వినపడుతుంది. తగ్గుతూ తగ్గుతూ కూడా చాలాసేపు నిలుస్తుంది. గాలిని కదిలించడంలో గరిటె బలహీనం, అందులోనూ కింది స్వరాల దగ్గర మరీను. ఆ కంపనాన్ని గాలికి వదలకుండా దారం నేరుగా చెవికి మోసుకొస్తే, అంత చిన్న వస్తువులో ఎంత మోత దాగుందో తెలుస్తుంది.

ఇలాంటి ఇంటి సామానులోకి మన గొంతును పంపి, పెద్ద హాల్లో పాడినట్టు వెనక్కి తీసుకోవచ్చా? నన్ను పట్టుకున్న ప్రశ్న ఇదే. దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్.బి.నగర్‌కూ మధ్య ఉండేవాడికి ఇది పట్టుకోవడంలో వింతేమీ లేదు. రాత్రి పదింటికి దుకాణాల షట్టర్లు ఒకదాని తర్వాత ఒకటి కిందికి దిగుతుంటే రోడ్డు పొడవునా రేకు ఉరుముతుంది. ఎల్.బి.నగర్ అండర్‌పాస్‌లో ఆటో హారన్ కొడితే బయట వినపడే హారన్‌లా ఉండదు, తోక మొలుస్తుంది. ఇక్కడి హాస్టళ్ళలో, అద్దె గదుల్లో ఫోను ముందు కూర్చొని పాట రికార్డు చేసుకునే కుర్రాళ్ళు తక్కువేం కాదు. వాళ్ళ గదికి ఆ తోక ఉండదు. దాన్ని యాప్‌లో బటన్ నొక్కి తెచ్చుకుంటారు. బటన్ రాకముందు లోకమంతా దాన్ని ఇనుములోంచి తెచ్చుకుంది.

ముందు ఒక మాట తేల్చుకోవాలి. మన మైకు సెట్ల భాషలో అన్నీ ఎకోనే. వినాయక మంటపంలో భజన పాడేవాళ్ళు "ఎకో పెంచన్నా" అంటే, మైకతను ఒక మర తిప్పుతాడు, చివరి మాట రెండు మూడు సార్లు వినపడుతుంది. చౌక ఎకో డబ్బాల్లో తరచు కనిపించే పీటీ2399 అనే చిప్పు చేసేది అంతే. మాటను సెకనులో మూడో వంతు దాకా ఆపి మళ్ళీ పలికిస్తుంది. అది ప్రతిధ్వని. హాల్లో జరిగేది అది కాదు. గొంతు నాలుగు గోడలకూ, కప్పుకూ, నేలకూ తగిలి వందలూ వేలూ తిరుగుళ్ళుగా వచ్చి కలిసిపోయి, విడివిడిగా లెక్కపెట్టలేనంత చిక్కబడుతుంది. దీన్ని ప్రతినాదం అందాం. మైకు కుర్రాళ్ళయితే రివర్బ్ అంటారు. గోల్కొండలో ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిసార్‌లో వినపడటం ఈ రెండింటిలోనూ చేరదు. అది చప్పుడు దూరం మోయడం. గైడ్లు మూడింటినీ కలిపేస్తారు, వాళ్ళనని లాభం లేదు.

ఈ తోకను మొదట కొలిచినవాడు హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే వాలెస్ సబైన్. 1895లో అక్కడి ఫాగ్ మ్యూజియం ఉపన్యాసశాలలో మాట అర్థం కావడం లేదని, దాని సంగతి చూడమని ఆయనకు అప్పగించారు. ఒక ఆర్గన్ గొట్టం, ఒక గడియారం పట్టుకొని, ఊరు సద్దుమణిగిన రాత్రుళ్ళు పని చేశాడు. ఖాళీ హాల్లో చప్పుడు పూర్తిగా అణగడానికి అయిదున్నర సెకన్లు పట్టేది. పక్కనే ఉన్న శాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు రాత్రికి రాత్రి మోయించి, హాల్లో పరిచి, మళ్ళీ కొలిచి, తెల్లారేలోగా వెనక్కి చేర్పించేవాడు. మెత్తలు పెరిగేకొద్దీ తోక పొట్టిదయింది. ఆ మోత బరువులోంచే సూత్రం పుట్టింది: మీటర్ల లెక్కన గది ఘనపరిమాణాన్ని 0.161తో హెచ్చించి, గదిలోని వస్తువులన్నీ కలిసి పీల్చే మొత్తంతో భాగిస్తే, చప్పుడు అణగడానికి పట్టే సెకన్లు వస్తాయి.

ఈ సూత్రం మన దగ్గర గృహప్రవేశం రోజు కళ్ళకు కడుతుంది. పన్నెండు అడుగులకు పది అడుగుల గది, పది అడుగుల ఎత్తు, కింద మార్బుల్, చుట్టూ లప్పం గోడలు, ఇంకా ఏ సామానూ చేరలేదు. లెక్క వేస్తే సెకనున్నర దాటుతుంది. అందుకే ఆ రోజు పురోహితుడి గొంతు అంత గంభీరంగా ఉంటుంది. నెల తిరిగేసరికి మంచం, పరుపు, కర్టెన్లు, బట్టల స్టాండు చేరి అర సెకనుకు దిగుతుంది. గొంతు మామూలు గొంతైపోతుంది. కాబట్టి అసలు చౌక మార్గం ఏదంటే ఖాళీ గది, లేకపోతే స్నానాల గది. 1947లో షికాగోలో బిల్ పట్నమ్ చేసింది ఇదే. స్టూడియో స్నానాల గదిలో స్పీకరూ మైకూ పెట్టి, హార్మోనిక్యాట్స్ బృందం రికార్డుకు ఆ మోత కలిపాడు. అది బ్రహ్మాండంగా అమ్ముడుపోయింది. కానీ అయిదుగురు అద్దెకున్న ఇంట్లో పొద్దున్నే స్నానాల గది ఎవరిస్తారు? అక్కడినుంచే లోహం వైపు చూపు మళ్ళుతుంది.

లోహంతో ఇంట్లో ప్రయత్నించేవాళ్ళను మూడు పక్షాలుగా చూడొచ్చు: బిందె పక్షం, స్ప్రింగు పక్షం, రేకు పక్షం.

బిందె పక్షమే పాతది. అందరికీ మొదట తట్టేదీ అదే. బిందెలో తల పెట్టి పాడని పిల్లలు లేరు. క్రీస్తుకు పూర్వం మొదటి శతాబ్దపు రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ తన గ్రంథం అయిదో భాగంలో నాటకశాలల మెట్ల మధ్య గూళ్ళు కట్టి, స్వరాలకు శ్రుతి చేసిన కంచు పాత్రలు అందులో ఉంచమని రాశాడు. తర్వాత యూరప్‌లో కొన్ని చర్చీల గోడల్లో మట్టికుండలు పొదిగారు. అవి నిజంగా ఎంత పని చేశాయన్నది నేటి ధ్వనిశాస్త్రజ్ఞులకు పెద్ద అనుమానం. ఎందుకో తెలుసుకోవడానికి పదిహేను లీటర్ల బిందె చాలు. దాని మూతి, మెడ, కడుపు కొలతలు వేసి చూస్తే 125 హెర్ట్జ్ దరిదాపుల్లో దానికి ఒక సొంత స్వరం ఉంటుంది. మీ పాట ఆ స్వరం మీదకు వచ్చినప్పుడల్లా బిందె ఊపందుకుంటుంది, దాటిపోగానే మౌనం. అది అనునాదం. ఒకే స్వరానికి తలూపే శ్రోత లాంటిది, మిగతా పాటంతా దానికి పట్టదు.

కంచు పళ్ళెం, ఇత్తడి తాంబాళం, స్టీలు డేక్సా వీటి గొడవ కొంచెం వేరు గానీ చివరికి తేలేది ఒకటే. దిల్‌సుఖ్‌నగర్‌లో సామాన్ల దుకాణానికి వెళ్ళి వేలి కణుపుతో ఒక్కో పళ్ళెం కొట్టి వింటుంటే, దుకాణమాయన ఓపికగా చూసి అడిగాడు.

"ఏంది సార్, పగులున్నదేమోనని చూస్తున్నరా?"

"కాదండి, మోగని పళ్ళెం కావాలి."

"మోగని దానికి మా దగ్గర పైసలెవరిస్తరు సార్?"

ఆయనన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. నా అవసరం తలకిందులది, అంతే. కంచు మోత గురించి వేమన్న చెప్పింది బడిపిల్లలకు కూడా తెలుసు. నాలుగు పాళ్ళ రాగికి ఇంచుమించు ఒక పాలు తగరం చేరిన కంచు ఒకసారి కొడితే వదలకుండా మోగుతుంది. ఎందుకంటే దానికున్న సొంత స్వరాలు కొన్నే, ఆ కొన్నీ దూరదూరంగా ఉండి, ఒక్కొక్కటీ గట్టిగా నిలుస్తుంది. గంటను గంటగా చేసేది అదే. అందులోకి మీరు 'సరిగమ' పంపితే అది తన స్వరం తను పాడి మీ పాటను పక్కకు తోస్తుంది. గదికి కావలసింది దీనికి పూర్తిగా ఎదురు. గదికి తనకంటూ స్వరం ఉందని ఎవరికీ తెలియకూడదు. కావడానికి దానికీ సొంత స్వరాలున్నాయి, వేలకు వేలు. అవి ఎంత ఒత్తుగా ఉంటాయంటే ఏ స్వరం పంపినా పక్కనే ఒకటి అందుకుంటుంది.

ఈ ఒత్తును లెక్క కట్టడానికి రేకుకు సులువైన సూత్రం ఉంది. రేకు వైశాల్యం పెరిగితే స్వరాలు ఒత్తవుతాయి, మందం పెరిగితే పలచబడతాయి. మగవాడి కింది షడ్జమం నుంచి పై షడ్జమం దాకా, అంటే సుమారు 130 నుంచి 260 హెర్ట్జ్ లోపల, అడుగు వెడల్పు స్టీలు పళ్ళేనికి ఉండేవి ఉజ్జాయింపుగా నాలుగే స్వరాలు. పన్నెండు స్వరస్థానాల్లో ఎనిమిదింటిని అది అందుకోలేదు. ఎయిర్ కూలర్ పక్క రేకు, రెండడుగులు బై రెండున్నర అడుగులది, అర మిల్లీమీటరు మందం అనుకుంటే, నలభై దాకా ఉంటాయి. ఈ ఒక్క లెక్కతో బిందె పక్షం చాలామటుకు ఓడిపోయినట్టే. దుకాణంలో ఎంత బాగా మోగితే మనకు అంత పనికిరాదు.

స్ప్రింగు పక్షానిది గట్టి వాదం. దూరప్రాంతపు ఫోన్ కాల్‌లో మాట ఆలస్యంగా చేరడాన్ని ప్రయోగశాలలో అనుకరించడానికి బెల్ ల్యాబ్స్‌లో స్ప్రింగులు వాడారు. దాన్ని ఆర్గన్‌లోకి తెచ్చినవాడు లారెన్స్ హామండ్. ఆయన ఆర్గన్ 1935లో మార్కెట్లోకి వచ్చింది. ఇళ్ళలో, చిన్న చర్చీల్లో పెట్టుకున్నవాళ్ళకు పెద్ద చర్చి మోత లేదన్న వెలితి ఉండేది. మొదట్లో స్ప్రింగుల కొసలు నూనె గొట్టాల్లో మునిగి ఉండే నిలువెత్తు పెట్టె చేశారు. 1960 ప్రాంతానికి అది మోచేతి పొడవు రేకుపెట్టెలో రెండు సన్నని స్ప్రింగులుగా కుదించుకుపోయింది. 1961లో ఫెండర్ కంపెనీ దాన్ని గిటార్ వాయించేవాళ్ళకు విడి పెట్టెగా అమ్మింది. సర్ఫ్ గిటార్ తడి మోత, తర్వాత జమైకాలో కింగ్ టబ్బీ పాటల్లోని ఉరుములు ఇలాంటి స్ప్రింగుల బిడ్డలే. పెట్టెను తన్నితే ఉరుముతుంది మరి.

ఆ స్ప్రింగులో మాట ఒక కొసనుంచి ఇంకో కొసకు చేరడానికి సెకనులో ముప్పయ్యో వంతు దాకా పడుతుంది. అక్కడ తగిలి వెనక్కి, మళ్ళీ ముందుకు, ఇలా రెండు మూడు సెకన్లు ఊగుతుంది. రెండో స్ప్రింగుది కావాలనే వేరే కాలం, తిరుగుళ్ళు ఒకదాని మీద ఒకటి పడకుండా. కిటుకు తీగ మందంలో ఉంది. తీగ మిల్లీమీటరులో మూడో వంతు దాకా సన్నన, చుట్టలు వందలు. చుట్టలు విప్పితే తీగ మీటర్ల కొద్దీ ఉంటుంది, మాట నడిచేది ఆ తీగ వెంట. ఇది తెలియక ముందు నేను హైవే మీద ఆటోనగర్ దాకా వెళ్ళి లారీ సామాన్ల మధ్య తిరిగి వచ్చాను. లారీ స్ప్రింగు చేతికి ఇనప కడ్డీ లాంటిది, దాంట్లో మాట ఇలా దూరి అలా బయటపడుతుంది. బాల్‌పెన్ను స్ప్రింగు మరీ పొట్టి. సోఫా స్ప్రింగు కొంత నయం, కానీ నడుము దగ్గర సన్నం, కొసల్లో లావు, ఆ ఆకారం వల్ల మోత ఎక్కడికక్కడ తెగుతుంది. 1945లో ఫిలడెల్ఫియాలో అమ్మకం మొదలైన స్లింకీ అనే ఇనప ఆటబొమ్మ అన్నిటికంటే మేలు. చుట్టలన్నీ విప్పితే తీగ దాదాపు 20 మీటర్లు. మనకు నుమాయిష్‌లో ఎక్కువగా దొరికేది రంగురంగుల ప్లాస్టిక్ స్లింకీ. ప్లాస్టిక్ ఏ మోతనూ నిలవనీయదు. జనవరి నెలలో నాంపల్లి దాకా వెళ్ళి రెండు కొనుక్కొచ్చి మోసపోయినవాడిగా చెబుతున్నాను. పిల్లలు మాత్రం సంతోషించారు.

స్ప్రింగును డబ్బా అడుగుకు తగిలించి రెండో కొస వేలాడదీస్తే చేతి ఉరుము తయారు. ఇది చూసినప్పుడల్లా నాకు జమిడిక గుర్తొస్తుంది. ఎల్లమ్మ కథ చెప్పే బైండ్లవారి చేతి వాద్యం. ఇత్తడితోనో కర్రతోనో చేసిన బోలు గొట్టం, ఒక వైపు తోలు, ఆ తోలు మధ్యనుంచి లాగి పట్టిన నరం. నరాన్ని మీటితే తోలు కదులుతుంది, తోలు గొట్టంలో గాలిని కదుపుతుంది. నరం స్థానంలో స్ప్రింగు పెడితే అదే యంత్రం రివర్బ్ డబ్బా అవుతుంది. బోనాల రోజుల్లో ఆ గుమ్‌గుమ్ విన్నవాళ్ళకు డబ్బా, తోలు, తీగల సంబంధం ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. జమిడిక తన స్వరం తను పలకడానికి పుట్టింది, నాది పరాయి గొంతును మోయడానికి. తేడా అంతే. సితార్‌లో వాయించే తీగల కింద ఎవరూ ముట్టకుండా మోగే తరఫ్ తీగలు చూస్తే, పరాయి మోతను మోసే లోహం మన సంగీతంలోనూ ఎప్పటినుంచో ఉందని తెలుస్తుంది. అక్కడ కూడా ఆ తీగలను రాగానికి శ్రుతి చేసుకోవాలి. రాగం మారితే మోత మారుతుంది.

స్ప్రింగు మీద నా అభ్యంతరం ఒకటే. అది గిటార్‌కు అందం, గొంతుకు వేషం. 'త', 'ప' లాంటి గట్టి అక్షరం పడగానే బొయ్యిమంటుంది. మాట ఎక్కువున్న తెలుగు పాటకు ఈ బొయ్యి బొయ్యి బాగా అడ్డు.

ఇక రేకు. నాటకాల్లో ఉరుము కావాలంటే తెరవెనక పెద్ద రేకు వేలాడదీసి ఊపేవాళ్ళు. కానీ రేకు ఉరుముకే పరిమితం కాదని నిరూపించింది జర్మనీలోని ఈఎంటీ కంపెనీ. 1957లో వచ్చిన ఈఎంటీ 140లో ఉన్నదల్లా ఒక ఉక్కు రేకు: రెండు మీటర్ల పొడవు, ఒక మీటరు వెడల్పు, అర మిల్లీమీటరు మందం. దాన్ని గొట్టపు చట్రంలో మూలల దగ్గర బిగలాగి వేలాడదీశారు. మధ్యకు దగ్గరలో స్పీకరు కాయిల్ లాంటిది రేకును కదుపుతుంది, అటూ ఇటూ ఉన్న పికప్పులు ఆ కదలికను తిరిగి తీసుకుంటాయి. పెట్టెతో కలిపి పావు టన్నుకు పైగా బరువు. ఆ కాలపు గొప్ప గొంతుల వెనక ఉన్న మెత్తని తెర చాలామటుకు ఈ రేకే.

ఇంత చిన్న రేకు హాల్‌గా ఎలా చెల్లుతుంది? గాలిలో చప్పుడు సెకనుకు 340 మీటర్లు పోతుంది. పలచని రేకు వంగుతూ లేస్తూ మోసుకుపోయే అల దానికంటే చాలా నెమ్మది. అర మిల్లీమీటరు ఉక్కులో 250 హెర్ట్జ్ స్వరం సెకనుకు 34 మీటర్లే కదులుతుంది, గాలిలో వేగానికి పదో వంతు. అంటే ఆ స్వరానికి రెండు మీటర్ల రేకు ఇరవై మీటర్ల హాలుతో సమానం. స్వరం నాలుగింతలు పైకి పోతే వేగం రెట్టింపవుతుంది, కాబట్టి కీచు స్వరాలు ముందు చేరతాయి, బరువైనవి వెనక వస్తాయి. పెద్ద రేకు మీద చిటిక వేసి చెవి ఆనిస్తే 'ట్యూ' అని కిందికి జారే చప్పుడు అందువల్లే. స్టార్ వార్స్ సినిమాలో తుపాకుల చప్పుడు కోసం బెన్ బర్ట్ ఒక టవరు బిగింపు తీగను సుత్తితో కొట్టి రికార్డు చేశాడు, అక్కడ పనిచేసిందీ ఇదే. కరెంటు స్తంభం స్టే తీగ మీద రాయి విసిరి ఆ చప్పుడు విన్నవాళ్ళు నా వయసువాళ్ళలో చాలామందే ఉంటారు. ఇప్పుడు ఎవరినీ చేయమనను.

రేకు పలచబడితే చిన్నదైనా చాలు. 1970లలో అదే కంపెనీ పుస్తకం పరిమాణంలో ఉండే 18 మైక్రాన్ల బంగారు రేకుతో కొత్త పరికరం చేసింది. అది చదవగానే ఎవరికైనా చపాతీలు చుట్టే అల్యూమినియం ఫాయిల్ గుర్తుకొస్తుంది. మందం దగ్గర దగ్గరే, కానీ బంగారం బరువు, అల్యూమినియం తేలిక. తేలిక రేకు తన కదలికను వెంటనే గాలికి ధారపోస్తుంది. దానికితోడు ఒక్క ముడత పడితే గరగర.

కాబట్టి మనకు కావలసింది పెద్దది, పలచది, చదునుది, కొంచెం బరువైనది. జి.ఐ. రేకు కొనుక్కోవచ్చు, కానీ రెండు మీటర్ల రేకును లిఫ్టులో పట్టించడం, చట్రం కట్టించడం, ఇంట్లోవాళ్ళ చూపులు తట్టుకోవడం అన్నీ కలిస్తే ఈఎంటీ బరువు అవుతుంది. కూలర్ రేకు పరవాలేదు, ఎండాకాలం పోయాక ఖాళీగానే ఉంటుంది. ముడతల డిజైను కొట్టిన రేకయితే వద్దు, ఆ ముడతలే అలను ఆపేస్తాయి. షట్టర్ పట్టీలుపట్టీలుగా ఉంటుంది, ప్రతి కీలూ ఒక గోడ, అందులోంచి గరగర తప్ప మోత రాదు. కొలరాడోలోని రేంజ్లీలో ఖాళీ ఉక్కు నీళ్ళ ట్యాంకులో సంగీతం రికార్డు చేస్తారు. అంత పెద్ద ఇనప డొల్ల మన వాడల్లో లేదు. మన ట్యాంకులు ఒకప్పుడు సిమెంటువి, ఇప్పుడు ప్లాస్టిక్‌వి.

ఇదంతా వెతికి వెతికి విసిగి, ఓ మధ్యాహ్నం ఇంట్లో స్టీలు బీరువా తలుపు వేశాను. అది ధనేల్‌మంది. ముప్పయ్యేళ్ళుగా వింటున్న చప్పుడే, అప్పటిదాకా వినలేదు. టేపు తీసుకొని కొలిచాను. ఎత్తు ఆరున్నర అడుగులు, వెడల్పు మూడడుగులు. మీటర్లలోకి మారిస్తే 1.98 బై 0.91. జర్మనీవాళ్ళు పావు టన్ను పెట్టెలో దాచి అమ్మిన రేకుకు జానెడు తేడా లేని రేకు, గోడవైపు తిరిగి, పెళ్ళైన దగ్గరనుంచి మా ఇంట్లోనే ఉంది. మందం 0.8 మి.మీ. అనుకుంటే, ఇందాకటి 130-260 హెర్ట్జ్ లోపల దీనికి దాదాపు వంద స్వరాలు. ఈఎంటీ రేకుకు నూట డెబ్బై దాకా వస్తాయి. పళ్ళేనికి నాలుగు.

లోపాలున్నాయి. అంచులు వెల్డింగు చేసి ఉండటంతో మోత చట్రంలోకి కారిపోతుంది. మధ్యలో బలం కోసం పట్టీ వేసిన బీరువాలకు రేకు రెండు ముక్కలైనట్టే. గోడకు ఆనించి ఉంటే అసలు పలకదు, జానెడు జరపాలి. తాళంచెవులు, హ్యాంగర్లు తీసేయకపోతే ప్రతి పాటకూ చిడతలు కలుస్తాయి.

తగిలించడం పెద్ద విద్యేమీ కాదు. ఎలక్ట్రానిక్ సామాను కోసం ఈ వైపు వాళ్ళంతా వెళ్ళే చోటు కోఠిలో గుజరాతీ గల్లీ. మెట్రో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్లో దిగితే దగ్గరే. 5 వోల్టుల ఫోను ఛార్జరుతో నడిచే పీఏఎం8403 బోర్డు, బజర్లలో వాడే 27 మి.మీ. పీజో బిళ్ళలు రెండు, కాగితం చిరిగిన పాత స్పీకరు ఒకటి చాలు. స్పీకరు కాయిల్ మధ్య పెన్సిల్ ముక్క అంటించి దాని కొసను రేకుకు ఆనిస్తే మాట లోపలికి పోతుంది. పీజో బిళ్ళలను దానికి దూరంగా, రెండు చోట్ల, రేకు మధ్యకూ మూలలకూ కాకుండా అడ్డదిడ్డంగా అంటించాలి. సరిగ్గా మధ్యలో పెడితే ముప్పాతిక వంతు స్వరాలు అక్కడ కదలవు. కరెంటు లైను మీద నేరుగా నడిచే పెద్ద ఆంప్లిఫయర్ల జోలికి పోవద్దు, మూడు వాట్లు ఎక్కువే.

ఇక్కడ చాలామంది ఒకే గోతిలో పడతారు. పీజో బిళ్ళను మామూలు లైన్ సాకెట్‌లో గుచ్చి, రేకు పీలగా ఉందని తిట్టుకుంటారు. తప్పు రేకుది కాదు. ఆ బిళ్ళ 20 నానోఫారడ్ల కెపాసిటర్ లాంటిది. ఎదుట 10 వేల ఓముల ఇన్‌పుట్ ఉంటే 800 హెర్ట్జ్ కిందిదంతా కారిపోతుంది. అదే 10 లక్షల ఓములుంటే 8 హెర్ట్జ్ దాకా అందుతుంది. గిటార్ గుచ్చే సాకెట్ ఉన్న రికార్డింగ్ డబ్బాలకు ఆ ఇన్‌పుట్ ముందే ఉంటుంది. మరీ కింది స్వరాలు ఎలాగూ అక్కర్లేదు, స్టూడియోల్లో రేకుకు పంపే ముందే 600 హెర్ట్జ్ కింద కోసేసే అలవాటుంది. అయితే కోసేది మనం అయ్యుండాలి, తెలియకుండా వైరు కోయకూడదు.

పాటనూ తోకనూ ఒకేసారి తీయబోతే కూత మొదలవుతుంది. ముందు పాట పొడిగా రికార్డు చేసుకొని, తర్వాత ఆ పాటను బీరువాలోకి పంపి, వచ్చినదాన్ని విడిగా తీసుకొని, రెండూ కలుపుకోవడం మేలు. పీజో గాలి చప్పుడు పెద్దగా వినదు గానీ, ఇల్లు చేసే ప్రతి పనినీ వింటుంది. పై అంతస్తు మిక్సీ, లిఫ్టు మోటారు, సంపు పంపు అన్నీ రేకులోకి దిగుతాయి. రాత్రి పదకొండు దాటాకే కుదిరింది నాకు. సబైన్ కూడా రాత్రుళ్ళే ఎందుకు పని చేశాడో అప్పుడర్థమైంది.

ఇంత తంటా దేనికి, ఫోన్లో ఉచితంగా అన్ని హాళ్ళూ ఉన్నాయి కదా అంటారు. నిజమే. 1999లో సోనీ ఒక యంత్రం తెచ్చింది. ఏ హాల్లోనైనా ఒక చప్పుడు చేసి, దాని తోకను రికార్డు చేసి తెస్తే, ఏ పాటకైనా ఆ తోకను అతికించేది. ఇప్పుడు ఆ పని మామూలు కంప్యూటర్ చేస్తుంది. అసలైన ఈఎంటీ రేకుల తోకలు కూడా అలాగే దొరుకుతాయి. డబ్బు మిగులుతుందనో, వాటికంటే మంచి మోత వస్తుందనో ఈ పనిలోకి దిగేవాళ్ళు నిరాశపడతారు. ఆ మాట ముందే చెప్పడం మంచిది. కానీ అదే దారి మనకూ తెరిచే ఉంది. బీరువాలోకి ఒక చిటిక పంపి, వచ్చిన తోకను ఫైలుగా దాచుకుంటే, ఆ తర్వాత బీరువాను గోడకు జరిపేసినా దాని మోత మీ దగ్గర ఉంటుంది. అప్పుడు ఎవరి ఫోన్లోనూ లేని హాలు అది.

నేను ఆ ఫైళ్ళు రెండు చేశాను, ఒకటి కావాలని, ఒకటి తప్పనిసరై. మొదటిది బీరువా పూర్తిగా ఖాళీ చేసి తీసింది. చీరలన్నీ మంచం మీదకు చేరాయి. "ఇంకెంతసేపండీ, పడుకోవద్దూ?" అన్న మాట కూడా మొదటి ప్రయత్నంలో రికార్డయింది. ఖాళీ బీరువా తోక పొడుగ్గా, కొంచెం కటువుగా, డబ్బా వాసనతో ఉంది. మర్నాడు పట్టుచీరలు, దుప్పట్లు అరల్లో సర్దేశాక ఊరికే ఇంకోసారి పంపి చూశాను. తోక సగానికి తగ్గింది, కటువు పోయింది, గొంతు వెనక మెత్తగా కూర్చుంది. ఈఎంటీ పెట్టెలో రేకు పక్కన, దానికి తగలకుండా, దగ్గరికీ దూరానికీ జరిపే ఒక మెత్తని పలక ఉంటుంది, అయిదు సెకన్ల తోకను ఒక సెకనుకు దించడానికి. మా ఇంట్లో ఆ పలక నాలుగో అర. దగ్గరి బంధువుల పెళ్ళి ఉంటే చీరలు బయటికి పోతాయి, తోక పెరుగుతుంది. ఇప్పుడు శ్రావణమాసం.